కాలు లేపితె

ఆర్టీవో గ్రౌండుల నాది ముప్పై ఒకటో నంబరు.
ముందు పోయినోళ్లయన్ని
దగ్గుకుంట, వణుక్కుంట కదిలే బండ్లు.
యాకూబన్న దగ్గర ఒక్కపూటకు కిరాయికి తెచ్చిన తెల్ల బండి
ఉన్నదో లేదో తెల్వకుంట
వరుసల నిలవడ్డది.

"ఇంజను చాలు చెయ్" అన్నడు సారు.
"అయ్యే ఉన్నది సార్."
బానెట్ దిక్కు చెవి వంచి
తొట్లెల పసిపోరడు ఊపిరి తీస్తున్నడా లేదా అని
చూసే తల్లి లెక్క చూసిండు.

డ్రైవింగ్ స్కూలు పాత బండిల
మూడు నెలలు తిట్లు తిన్న.
"బిరేకు తొక్కు, క్లచ్చి తొక్కు,
ఆడోళ్లకు కాళ్లు పని చెయ్యయి" అనేటోడు నేర్పేటాయన.
ఆయనకేం ఎరుక,
కొత్తవాడల గుంట మగ్గం మీద
ఇరవై రెండేండ్లు
కాళ్లతోనే బతికిన్నని.
తొక్కితె పడుగు నోరు తెరుస్తది,
నాడె ఉరుకుతది,
కాలు లేపితె మూసుకుంటది.
జంపఖానా మీద నెమలి
చేతులతోని కాదు, మడిమెలతోని లేస్తది.
మగ్గం అమ్మిన నాడు
కాళ్లకు పని లేక
రాత్రంత మంచం పట్టె తొక్కినయి.

మొదటి దినమే యాకూబన్న చెప్పిండు:
"అక్కా, ఈ బండికి తొక్కుడు కన్న లేపుడు ముఖ్యం.
జర కాలు సడలియ్యి, తానే ఆగుతది.
ఆ జోరు వట్టిగ పోదు,
మర్లి బ్యాటరీల జమైతది."
నాకు నవ్వొచ్చింది.
ఓరి, గిది మగ్గమే గదా.

ఎనిమిది అంకె ఏసిన.
రెండు సున్నాలు కలిసే మెడ కాడ
కాలు సగం లేపితె
బండి తల వంచుకొని మలిగింది.
ఒక్క ప్లాస్టిక్ కోను కదలలే.
గట్టు ఎక్కి నడుమ ఆపిన,
ఇంచు గూడ వెనుకకు జారలే.
దిగి, సున్నం గీత కాడ
మెత్తగ నిలవెట్టిన.

సారు కిటికీ కాడికొచ్చిండు.
"చూస్తనే ఉన్న. ఒక్కసారన్న బిరేకు మీద కాలు పెట్టలే."
"లేపిన సార్."
"లేపితె ఆగుతదా?"
"ఆగుతది."
"ఆగకుంటె?"

సొసైటీల నూలు ఆగింది.
కూలి ఆగింది. మగ్గం ఆగింది.
ఆగుడు గురించి నన్ను అడుగుతవా సార్,
అవన్ని ఆగిన నాడు
మా జోరంత ఏ బ్యాటరీల జమైందో
ఎవ్వలన్న మీటరు చూపిచ్చిన్రా?
ఇయేం అనలే.
"ఆగకుంటె బిరేకు ఉన్నది సార్" అన్న.

ఎక్కి పక్కసీట్ల కూసున్నడు.
"ఇంకో రౌండు. ఈసారి నాకు కనవడేటట్టు తొక్కు."
తొక్కిన.
తానే ఆగవోతున్న బండిని
సారు కండ్ల కోసం తొక్కిన.
బండి ఎగిరి పడ్డది,
సారు జేబుల పెన్ను కిందవడ్డది.
వంగి ఎతుక్కుంట చాన సేపు లేవలే.
లేచినంక ఏందో రాసుకున్నడు,
పలక మొకాన పెట్టుకొని, నాకు కనవడకుంట.
పాసో ఫెయిలో
సాయంత్రం ఫోనుకొస్తదట.

వాపసు పోతుంటె కాజీపేట బ్రిడ్జి దిగుడు.
యాకూబన్న పక్కన పల్లీలు ఒలుసుకుంటున్నడు.
ముందట లారీ, దాని వెనుక గడ్డి ట్రాక్టరు.
కాలు లేపిన.
బండి ముక్కుతోని సన్నగ మూలిగింది,
బొంగరం నెమ్మదయ్యేటప్పటి సప్పుడు.
తెర మీద నూట పన్నెండు ఉన్నది
నూట పదమూడైంది.

"చూసినవా అక్కా, ఒక్క కిలోమీటరు మర్లొచ్చింది."

ఒక్క కిలోమీటరు.
ఇంచుమించు మా సందు మొగదలకెల్లి
పోచమ్మ మైదానం దాక.
నెత్తి మీద జంపఖానాల మూట పెట్టుకొని
ఎన్నిసార్లు నడిచిన్నో ఆ తొవ్వ.

"గంతమట్టుకు కిరాయి తగ్గిస్తవా?" అన్న.
పల్లీ పొట్టు కిటికీల నుంచి ఊది
నవ్విండు గని,
తగ్గియ్యలే.